కొలత గ్లాసు

కిందటి నెల ఈ శీర్షికలో మంచు తవ్వుకోవడం గురించి వ్రాస్తే, నెల్లూరు నుంచి ఒక పాఠకుడు, "అయ్యా, కార్లకు పుట్టినిల్లయిన ఊరి పక్కన కాపురముంటూ ఎప్పుడూ మంచు, చలి, చారుపొడి గురించే వ్రాస్తారేం? ఒక్కసారైనా కారు సంగతి వ్రాయండి" అని చీవాట్లు పెట్టారు. వ్రాయకపోవడానికి కారణం ఉంది. సిగ్గు. ఇవాళ ఆ సిగ్గును కాస్త పక్కన పెడుతున్నాను.

మేముండేది డెట్రాయిట్‌కు పడమటివైపు, అరగంట ప్రయాణంలో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో కార్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వ్రతాలకూ పేరంటాలకూ కలిసినప్పుడు వాళ్ళు గేరుబాక్సుల గురించి మాట్లాడుకుంటూ ఉంటే నేను పులిహోర తింటూ తల ఊపేవాణ్ణి. నా ఉద్యోగం ఆస్పత్రి బిల్లుల లెక్కలు చూసే ప్రోగ్రాములు వ్రాయడం. కార్లతో నాకున్న పూర్వపరిచయమల్లా గుంటూరులో మా నాన్నగారి అంబాసిడరు వెనక సీటు, అందులో కిటికీ పక్క చోటు కోసం చెల్లెలితో పోట్లాట.

2021లో నాకు నలభై ఆరు నిండాయి. ఆ వయసులో మగవాళ్ళకు ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుందని మా ఆవిడ సిద్ధాంతం. కొందరికి షేర్లు, కొందరికి వేదాంతం. నాకు సుబారు పట్టుకుంది.

దానికీ ఒక పూర్వకథ ఉంది. 1995లో నేను ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో ఉండగా టీవీలో ర్యాలీ పందేలు చూసేవాళ్ళం. ఆ సంవత్సరం కాలిన్ మెక్రే అనే స్కాట్లండు కుర్రవాడు నీలం రంగు సుబారు ఇంప్రెజాలో బురదనూ, కంకరనూ చిమ్ముకుంటూ పోయి ప్రపంచ చాంపియనయ్యాడు. మా మెస్సులో సాంబారు చల్లారిపోయేది, ఎవడూ లేచేవాడు కాదు. ఆ నీలం రంగు కళ్ళలో ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళ తరవాత, అదే రంగుది, 2004 నాటి డబ్ల్యూఆర్ఎక్స్ ఒకటి మా పక్క ఊళ్ళో అమ్మకానికొచ్చింది. రెండు లీటర్ల ఇంజను, టర్బో, 227 అశ్వశక్తి. ఈ ఊళ్ళో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనక అడుగున కాస్త తుప్పు. ఆరు వేల డాలర్లు.

"కొనుక్కోండి. కాని విప్పదీయకండి" అంది మా ఆవిడ. ఆవిడకు నా సంగతి తెలుసు. పెళ్ళైన కొత్తలో మిక్సీ బాగుచేస్తానని విప్పి, మూడు స్క్రూలు మిగిల్చినవాణ్ణి. విప్పనని మాట ఇచ్చాను. నేను మాట తప్పలేదని ఇప్పటికీ నా వాదన. స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ ముట్టుకున్నాను.

ఇక్కడ కొంచెం వివరం చెప్పక తప్పదు. మా నాన్నగారి అంబాసిడరులో పెట్రోలు పాలు ఎంత, గాలి పాలు ఎంత అని నిర్ణయించేది కార్బురేటరు. అరండల్‌పేటలో మెకానిక్ సాయిబుగారని ఉండేవారు. ఆయన బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికానించుకుని, రెండో చేత్తో చిన్న స్క్రూను పావు తిప్పు అటూ, పావు తిప్పు ఇటూ తిప్పేవారు. ఇంజను గొంతు మారేది. "అయింది బాబూ" అనేవారు. అదే ట్యూనింగు. ఖర్చు ఇరవై రూపాయలు, ఒక టీ.

ఆ స్క్రూ పోయి కంప్యూటరు రావడం వెనక పెద్ద కథే ఉంది. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లోనే విద్యుత్తుతో పెట్రోలు చిమ్మే యంత్రాన్ని ప్రకటించింది. 1958 మోడలు క్రైస్లరు కార్లు కొన్నిటికి దాన్ని పెట్టారు కూడా. అది సరిగా పనిచెయ్యక, వాటిలో చాలావాటికి మళ్ళీ కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల మీద హక్కు సంపాదించి జర్మనీ బాష్ కంపెనీ 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కార్లకు బిగిస్తే అప్పుడు నిలదొక్కుకుంది. కాలిఫోర్నియా పొగమంచు, దాన్ని తగ్గించమనే చట్టాలు దానికి తోడయ్యాయి. 1976లో వోల్వోవారు పొగగొట్టంలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో చూసే సెన్సరు పెట్టారు. మన దేశంలో 2000 ప్రాంతంలో కార్ల వెనక ఎంపీఎఫ్ఐ అనే అక్షరాలు కనబడటం మొదలయ్యాయి, గుర్తుందా? సాయిబుగారి స్క్రూ అప్పుడే పోయింది. ఆయన షెడ్డు కూడా ఎంతోకాలం నిలవలేదు.

ఇప్పుడా పని చేసే కంప్యూటరు మా కారులో ముందు సీటు కాళ్ళ దగ్గర, చాప కింద ఉంటుంది. అందులో ఉన్నవి పట్టికలు. వెనకటి షావుకార్ల దగ్గర వడ్డీ లెక్కల రెడీ రెకనరు ఉండేదే, అలాంటివి. ఇంత వేగంలో ఇంత గాలి వస్తే ఇంత పెట్రోలు చిమ్ము, ఇన్ని డిగ్రీల ముందు నిప్పురవ్వ వెయ్యి అని గళ్ళు గళ్ళుగా అంకెలు. మొత్తం పుస్తకమంతా కలిపి, మన ఫోనుతో తీసే ఒక్క ఫోటోలో పదోవంతు కూడా ఉండదు. స్టీరింగు కింద ఉండే సాకెట్టులో ఒక కేబులు గుచ్చి, ఔత్సాహికులు వ్రాసి ఉచితంగా పంచిపెట్టిన రోమ్‌రైడర్ లాంటి ప్రోగ్రాములతో ఆ పుస్తకం చదవొచ్చు. చదవడమే కాదు, దిద్దొచ్చు. అంకెలు, గళ్ళు! నా జీవితమంతా చేసిన పనే గదా అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ముందు ఒక పైపు కొన్నాను. కారు గాలి పీల్చుకునే నల్ల ప్లాస్టిక్కు పెట్టె తీసేసి, తళతళలాడే వెడల్పాటి అల్యూమినియం గొట్టం, దాని చివర ఎర్రటి శంఖంలాంటి ఫిల్టరు. (ఇది విప్పడం కాదా అంటారేమో. మార్చడం.) దాంతో కారు పీల్చే శబ్దం మారింది. పెద్ద పులి గురక పెట్టినట్టు ఉండేది. శబ్దం పెరిగితే బలం పెరిగిందని నమ్మడం మానవ స్వభావం.

ఆ తరవాత ఎవరో ఒక పుణ్యాత్ముడు తన కారుకు తయారుచేసుకున్న పట్టికల పుస్తకం సంపాదించాను. టర్బో కాస్త ఎక్కువ ఊదుతుంది, నిప్పురవ్వ కాస్త ముందు పడుతుంది. ఒక రాత్రి అందరూ పడుకున్నాక గారేజీలోకి వెళ్ళి దాన్ని ఎక్కించడానికి కూర్చున్నాను. ఈ కాలపు సుబారులకు స్టీరింగు కింద రెండు ఆకుపచ్చ ప్లగ్గులు వేలాడుతూ ఉంటాయి. వాటిని కలిపి తాళం తిప్పితేనే కంప్యూటరు కొత్త పాఠానికి ఒప్పుకుంటుంది. కలిపాను, తిప్పాను. అంతే! రేడియేటరు పంకాలు గిర్రున తిరిగి ఆగాయి, మళ్ళీ తిరిగాయి. పెట్రోలు పంపు ఉండుండి గుర్రుమంటోంది. రిలేలు టిక్కు టిక్కుమంటున్నాయి. పసుపుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతోంది. అదంతా మామూలేనని నేను చదివే ఉన్నాను. అయినా గుండె జారింది. ఈలోగా వెనక నుంచి, "ఏమండీ, దీనికేమైనా పూనకం వచ్చిందా?" అని వినబడింది.

మా ఆవిడ చేతిలో టార్చిలైటు. చెప్పేశాను. మధ్యలో బ్యాటరీ నీరసిస్తే కంప్యూటరు చచ్చి ఊరుకుంటుందని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "అమ్మాయి పళ్ళ తీగల కోసం దాచిన డబ్బు జోలికి మాత్రం రాకండి" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

వారం రోజులు స్వర్గం. తరవాత కారు మందగించినట్టు అనిపించింది. ఇంకా కొంచెం ముందుకు వెళ్ళాలేమోననుకుని ఇంకొకరి పుస్తకం తెచ్చి ఎక్కించాను. ఎవరికో కుట్టిన చొక్కా బిగువైందని, ఇంకెవరికో కుట్టింది తొడుక్కున్నట్టు.

ఒక ఆదివారం పొద్దున్న అమ్మాయిని సంగీతం క్లాసుకు తీసుకెళుతున్నాను. దానికప్పుడు పదిహేనేళ్ళు. "తాతయ్యకు పైపు చప్పుడు వినిపిద్దాం నాన్నా" అని ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. పెద్ద రోడ్డు మీదికి ఎక్కే వంపులో, కాలు పూర్తిగా తొక్కాను. పులి గురక పెట్టింది. దాని అడుగున ఇంకేదో చప్పుడు, చిన్నది, చిటపటమని. అంతలో కారు ఒక్కసారిగా లాగడం మానేసింది. ఒకటి రెండు సెకండ్లే. అద్దంలో వెనక వస్తున్న లారీ ముఖం నిండా కనబడింది, వాడు కొట్టిన హారను ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాలు తీసి మళ్ళీ వేస్తే కారు కదిలింది. అమ్మాయి ఫోను ఒళ్ళో పడేసుకుని నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మతోనూ అనలేదు. ఆ మౌనం నన్ను ఎక్కువ బాధించింది.

కాని వీడియో మాత్రం తాతయ్యకు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గుంటూరు నుంచి ఫోను. నాన్నగారికి ఎనభై దాటాయి. చెవులు కాస్త మందమే, అయినా ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకుని విన్నారట.

"ఏరా, ఆ నాకింగేమిటి?"

"పైపు చప్పుడు నాన్నగారూ, కొత్తది వేశాను."

"పైపు కాదు. దాని కింద. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు. ఎనభై నాలుగులో తిరుపతి కొండెక్కుతూ మన బండి కొట్టింది, అదే. నీకు గుర్తులేదూ?"

నాకు గుర్తున్నదల్లా ఆ ప్రయాణంలో నేను మూడుసార్లు వాంతి చేసుకోవడం. ఆరుగురం, సామాను, పైన హోల్డాలు. గేరు తగ్గించకుండా ఎక్కించారట ఆయన. తిరిగొచ్చాక సాయిబుగారు ప్లగ్గు తీసి చూపించి కోప్పడ్డారట.

"ప్లగ్గులు తీసి చూడు. తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టుందేమో చూసి చెప్పు" అన్నారు.

సుబారు ఇంజనులో సిలిండర్లు నిలబడి ఉండవు, రెండు ఇటూ రెండు అటూ పడుకుని ఉంటాయి. ప్లగ్గులు బండి పక్క ఇనప కమ్మీలకేసి చూస్తూ ఉంటాయి. బ్యాటరీ తీసి, నీళ్ళ సీసా తీసి, చెయ్యి వంకర పెట్టి, వేళ్ళు గీరుకుంటూ తియ్యాలి. నాలుగు తియ్యడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. మూడు బాగానే ఉన్నాయి, లేత కాఫీ రంగు. నాలుగోది తెల్లబడి ఉంది. దాని మీద సన్నటి నల్లని, మెరిసే చుక్కలు. ఫోనులో నాన్నగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని దగ్గరగా చూశారు.

"అది మసి కాదురా. పిస్టను" అన్నారు.

నాకింగంటే ఏమిటో నేను అప్పుడు కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది. మామూలుగా నిప్పురవ్వ పడిన చోట మంట మొదలై, గదిలో దీపం వెలుగు పాకినట్టు క్రమంగా పాకుతుంది. దానికి కొంత వ్యవధి కావాలి కనకనే పిస్టను పైకి చేరకముందే రవ్వ వేస్తారు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, సెకండులో వెయ్యోవంతులో క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుచేత ఒకటి రెండు డిగ్రీల తేడా చిన్నదేమీ కాదు. రవ్వ మరీ ముందు పడినా, పెట్రోలు పాలు తగ్గి లోపల వేడెక్కినా, మంట ఇంకా చేరని మూల మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. అది తొయ్యడం కాదు, సుత్తితో కొట్టడం. ఆ దెబ్బలకు అల్యూమినియం పిస్టను అంచులు నలిగి, పొడి రాలి, ప్లగ్గు మీద అతుక్కుంటుంది. ఇంకా కొడితే పిస్టను గట్టు విరుగుతుంది. ఇంజను విప్పి కట్టాలంటే నాలుగు వేల డాలర్ల పైమాటేనని విచారిస్తే తెలిసింది. అమ్మాయి పళ్ళ తీగల ఖర్చు కూడా సుమారు అంతే.

చిత్రమేమంటే, ఈ సంగతి కారు నాకు మొదటి వారం నుంచీ చెబుతూనే ఉంది. ఇంజను దిమ్మెకు ఒక చిన్న చెవి బిగించి ఉంటుంది. నాకింగు వినబడగానే కంప్యూటరు రవ్వను వెనక్కి జరుపుతుంది. అంతేకాదు, తన పట్టికల మీద తనకెంత నమ్మకముందో ఒక అంకె వేసుకుంటుంది. ఈ కారులో దానికి పూర్తి మార్కులు 16. కేబులు గుచ్చి, మొట్టమొదటిసారిగా దిద్దడానికి కాకుండా చదవడానికి కూర్చుంటే, ఆ అంకె 7 ఉంది. కారు మందగించింది బలం చాలక కాదు, నా చేతిలోంచి తనను తాను కాపాడుకోవడానికి. నేను దాన్ని ఇంకా రెచ్చగొట్టాను.

ఇంకొక అంకె నాకు అర్థం కాలేదు. మామూలు నడకలో కంప్యూటరు పొగగొట్టంలోని సెన్సరును చూసుకుని, పట్టిక చెప్పిన దానికన్నా పెట్రోలు నూటికి పన్నెండు పాళ్ళు ఎక్కువ కలుపుతోంది. ఎందుకు? పూర్తిగా తొక్కినప్పుడు, సెన్సరును అడిగి దిద్దుకునే వ్యవధి లేక ఎక్కువభాగం పట్టికనే నమ్ముకుని పోతుంది. అప్పుడు పెట్రోలు ఒక పాలుకు గాలి 11 పాళ్ళకు దగ్గరగా ఉండాల్సింది, 12.6 చూపిస్తోంది. పెట్రోలు కరువు. పట్టికలో అంకె సరిగానే ఉంది. గళ్ళన్నీ తడిమాను. రెండు రాత్రులు నిద్ర లేదు.

మూడో రోజు భోజనాల దగ్గర అన్నం పలుకుగా ఉంది. అంతకు ముందురోజూ అంతే. అమ్మాయి మూతి ముడిచింది.

"కుక్కరుతో వచ్చిన గ్లాసు పగిలిపోయింది. ఈ స్టీలు గ్లాసుతో కొలిచాను. మూడు గ్లాసులు పోసి, గిన్నెలో మూడో గీతకు నీళ్ళు పెట్టాను. ఎందుకిలా అవుతోందో" అంది మా ఆవిడ.

"గ్లాసు పెద్దదేమో" అన్నాను, కంచంలో కెలుకుతూ.

"పెద్దదైతే బియ్యం ఎక్కువ పడతాయి, గీత మాత్రం పాత గ్లాసుకు గీసింది. అందుకే నీళ్ళు చాలలేదు. అయ్యో, ఇంత చిన్న విషయం..."

నేను చెయ్యి కడుక్కోకుండా లేచి నిలబడ్డాను. నాకు పిచ్చి ముదిరిందనుకున్నారు ఇద్దరూ.

గాలి ఎంత వచ్చిందో కారు కొలిచే పద్ధతి ఇది: గాలిగొట్టంలో ఒక సన్నటి తీగ వేడిగా ఉంటుంది. వేడి కాఫీ మీద ఊదితే చల్లారినట్టు, గాలి తగిలితే తీగ చల్లారుతుంది. దాన్ని మళ్ళీ వేడిగా నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఇంత గాలి పోయిందని లెక్క. కాని తీగ చూసేది గొట్టంలో పోయే గాలి మొత్తాన్ని కాదు, తన పక్కనుంచి పోయే కొంచెం వాటానే. మిగతాది గొట్టం వెడల్పును బట్టి కట్టిన లెక్క. ఆ లెక్క పాత నల్ల పెట్టెకు కట్టింది. నేను వెడల్పాటి గొట్టం పెట్టాను. గాలి ఎక్కువ పోతోంది, తీగ తక్కువ చెబుతోంది, కంప్యూటరు తక్కువకు తగ్గ పెట్రోలు పోస్తోంది. పట్టికలు దిద్దినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళ గొట్టాలు వేరు. గ్లాసు నేను మార్చాను, గీత మార్చలేదు.

ఆ రాత్రే నల్ల పెట్టె వెతికి తెచ్చి బిగించాను. కంపెనీవారి పట్టికలు మొదట్లోనే దాచి ఉంచాను, నేను చేసిన ఒకే ఒక మంచిపని అది. వాటిని తిరిగి ఎక్కించాను. మళ్ళీ పూనకం, మళ్ళీ టిక్కు టిక్కు, కాని ఈసారి మా ఆవిడ టార్చి పట్టుకుని పక్కన నిలబడింది. కొత్తగా పాఠం ఎక్కించాక ఈ కారు నమ్మకం 16లో 8 దగ్గర మొదలవుతుంది. నాకింగు లేదని నిర్ధారించుకుంటూ మెట్లెక్కుతుంది. మరుసటి ఆదివారం అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పక్క సీటులో కూర్చుంది. నేను కాలు సుతారంగా వేస్తూ నడిపాను. మూడు పావుగంటల తరవాత, "పదహారు నాన్నా!" అని అరిచింది. అంతకు ముందు వారం అది నా వంక చూసిన చూపు అప్పటికి పోయింది.

నాలుగు సిలిండర్లలో ఒత్తిడి కొలిపించాను. మూడింటిలో 140కి అటూ ఇటూ. నాలుగోదానిలో 128. "బతికి బట్టకట్టింది. కాని ఇక ఆటలొద్దు" అన్నాడు కొలిచినాయన. ఆ పన్నెండు పౌన్ల తేడా మూలాన కారు ఆగిపోదు. కాని అది తిరిగి రాదు కూడా.

అప్పుడు మొదలుపెట్టాను అసలు పని. మూడు నెలలు. నల్ల పెట్టె అలాగే ఉంది. పొగను శుభ్రపరిచే యంత్రాన్ని ముట్టుకోలేదు, అది తీసేస్తే ఈ దేశంలో కేంద్ర చట్టం ప్రకారం నేరం, పైగా మా వీధిలో ఆ వాసన పీల్చేది మేమే. ఒకసారికి ఒకే అంకె. మార్చాక వారం రోజులు చూడటం, వ్రాసుకోవడం. ఒక చోట రవ్వ ఒక డిగ్రీ ముందుకు. ఒకరోజు వేడికి చెవి కంపెనీవారి అంకె దగ్గర కూడా అనుమానంగా కదిలితే, అక్కడ అర డిగ్రీ వెనక్కి. పంపులో ఖరీదైన 93 ఆక్టేన్ పెట్రోలే పోయించాలి. ఆ తేడా డబ్బులు మా ఆవిడ లెక్క పుస్తకంలో "నీలం కారు" అని వేరే పద్దుగా పడుతున్నాయి.

చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే షెడ్డు ఒకటి ఉంది. మొదట వెళ్ళినప్పుడు చక్రాల దగ్గర 171 అశ్వశక్తి వచ్చింది. (227 ఇంజను దగ్గరి లెక్క, మధ్యలో గేర్లూ ఇరుసులూ తమ వాటా తింటాయి.) మూడు నెలల తరవాత 178. ఏడు గుర్రాలు! ఇంటికొచ్చి గర్వంగా చెబితే మా ఆవిడ, "ఒక్కొక్క గుర్రానికి ఎంత పడింది?" అని అడిగింది. నేను లెక్క వెయ్యలేదు. ఆవిడ వేసి ఉంటుంది.

ఆ తళతళలాడే పైపు గారేజీ గోడకు వేలాడుతోంది. వర్షాకాలంలో గొడుగులు పెట్టుకోవడానికి వీలుగా ఉంది. కుక్కరుకు కొత్త గ్లాసు కొన్నాం.

నాన్నగారి సంగతి చెప్పాలి. అమ్మాయి ప్రతి ఆదివారం ఆ అంకెల పట్టీ ఆయనకు పంపిస్తుంది. ఆయన వీధి చివర నెట్ సెంటరులో అచ్చు వేయించుకుని, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, ఫోటో తీయించి తిరిగి పంపుతారు. కంప్యూటరంటే ఏమిటో ఆయనకు తెలియదు, కాని ఎక్కడ అంకె ఉలిక్కిపడిందో మాత్రం నాకన్నా ముందు పట్టేస్తారు. "ఇక్కడ సాయిబైతే ఒప్పుకోడు" అని పక్కన వ్రాస్తారు. సాయిబుగారు పోయి చాలా ఏళ్ళయింది.

నిన్న రాత్రి ఫోను చేశారు.

"నాలుగో సిలిండరు ఎంత చూపిస్తోందిరా?"

"నూట ఇరవై ఎనిమిది నాన్నగారూ."

"అది పోయిన వేసవి మాట. ఇప్పుడు?"

చూడలేదన్నాను. ప్లగ్గులు తియ్యడానికి నాలుగు గంటలు పడుతుందని, వేళ్ళు గీరుకుంటాయని, చలి అని చెప్పాను.

"శనివారం తియ్యి. తీసి, ఆ నాలుగోది నాకు చూపించు. కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటాను" అన్నారు.

శనివారం గారేజీలో ఉంటాను.